ఉత్త కాళ్ల మొక్కు

ఎడమ కాలు ఎలాగో దూరింది, కుడిది దూరనంటోంది. అండాలు ప్లాస్టిక్ కుర్చీలో ముందుకు వంగి, బూటు నోటిని రెండు చేతులతో చీల్చినంత పని చేసి, మడమను నేలకేసి ఒక్క గుద్దు గుద్దింది. వేళ్లు లోపలికి పోయాయి, పాదం వెడల్పు దగ్గర ఆగిపోయింది, చిటికెన వేలి పక్కనున్న పొక్కు చిట్లింది. ముందు తడి తెలిసింది, తర్వాత మంట. అరికాలి మంట నెత్తికెక్కిందని జనం ఊరికే అనరు, అది నిజంగానే ఎక్కుతుంది, పిక్కలోంచి మోకాలికి, వెన్నులోంచి మెడకి, అక్కణ్నుంచి కళ్లలోకి. ఆ కళ్లతో చూస్తే షామియానా కింద ఉన్న ప్రతి మనిషీ శత్రువే. మైకు పట్టుకుని పేర్లు పిలుస్తున్నవాడు శత్రువు. పక్క కుర్చీలో అరటిపండు తొక్క తీసి కొంచెం కొంచెం కొరుక్కుంటున్న అనూహ్య శత్రువు. నార్కట్‌పల్లి చౌరస్తా దాటాక నల్లగొండ వైపు పోయే ఈ రోడ్డును సగం మూసి, తాళ్లు కట్టి, నిమిషానికొక పిల్లను సైకిల్ మీద వదులుతున్న ఈ పెద్దమనుషులందరూ సన్నకాళ్ల తల్లులకు పుట్టినవాళ్లే అయి ఉంటారు. అందరికన్నా తక్కువ సమయంలో పోయి తిరిగొచ్చిన ఇద్దరిని రాష్ట్రం జట్టులోకి తీసుకుంటారు. ఇరవై మూడేళ్ల లోపు వాళ్లకు పెట్టిన పోటీ ఇది, వచ్చే ఏడు తను ఆ లోపు కాదు. తన పిలుపు వచ్చేసరికి ఇంకో గంట. ఆ గంటలో ఈ కాలు ఈ బూటులోకి పోవాలి.

పోయే బూటే. ఒళ్లు మండేది అందుకే. మొన్న బుధవారం దాకా పోయింది, మెత్తగా, అడగకుండానే, సొంత ఇంట్లోకి పోయినట్టు పోయింది. రెండేళ్లు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగితే దొరికిన బూటు. నల్లగొండ గడియారం దగ్గర దుకాణంలో సైకిల్ తొక్కే బూట్లు కావాలంటే, సైకిల్‌కు బూట్లెందుకని అడిగి, ఆమె పాదం వైపు చూసి, లోపలున్న ఇంకొకణ్ని పిలిచి మరీ చూపించాడు ఒకడు. "ఆడివిల్లకు గింత పాదమారా, గిది కాలు కాదు, చాట." ఇద్దరూ నవ్వారు. నవ్వి, చాయ్ తాగమన్నారు. ఆ చాయ్ వాడి మొహాన కొట్టి రావలసింది, కొట్టలేదు, ఇప్పుడు కొడుతోంది, ఈ కుర్చీలో కూర్చుని ఇప్పటికి వందసార్లు కొట్టింది. హైదరాబాదులో అయితే నవ్వరు. చల్లటి దుకాణంలో గూట్లో దేవుళ్లలా దీపాల కింద పెట్టిన బూట్లు, మెడలో కార్డు వేసుకున్న పిల్ల, కాలు పెట్టమని ఒక పలక. పలక మీద పొడుగు కొలిచే గీతలున్నాయి, వెడల్పు కొలిచేది ఏదీ లేదు. నాలుగు జతలు తొడిగించి, నాలుగూ పక్కన పెట్టేసి, "మీ పాదం స్టాండర్డ్ కాదు మేడమ్" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద కన్నా చాట నయం. స్టాండర్డ్ ఎవడు పెట్టాడు, ఏ దేశంలో ఏ సన్నకాళ్లవాడి పాదం చూసి పెట్టాడు, వాడు ఎన్నడైనా మడిలో దిగాడా, ఒరం గట్టు మీద నడిచాడా, ఎడ్ల వెనక ఉరికాడా. నేల మీద నడిచే పాదం నేలంత వెడల్పు కాక ఏమవుతుంది.

ఆ తర్వాత చేసిన తప్పు మాత్రం తనదే, కాదు, ఇంటిల్లిపాదిదీ. చిన్నప్పటి నుంచి వాళ్లింట్లో చెప్పులైనా, బడి బూట్లైనా ఒక నంబరు పెద్దవే కొనేవారు, పెరిగే కాళ్లు, రెండేండ్లు వస్తయి అని. ముందు గుడ్డపేలిక కుక్కి బడికి పంపేది అమ్మ. సార్ కూడా అదే అన్నాడు, డేవిడ్ సార్, సైకిల్ నేర్పే సారే ఆ మాటన్నాక ఇంక అడ్డేముంది. "ఒక నంబరు పెద్దది తీస్కో, ముందట దూది వెట్టు." వెడల్పు చాలకపోతే పొడుగు కొన్నారు. చీర కొంగు చాలడం లేదని పందిరి గుడ్డ కట్టుకున్నట్టు. బూటు అడుగున క్లీటు ఉంటుంది, పెడల్‌లో టక్కున కరుచుకునే ముక్క, అది సరిగ్గా వేళ్ల మొదలు కిందికి రావాలి. పొడుగు బూటులో అది ఎక్కడికో పోయింది, మడమ లేచిపోయింది, పాదం లోపల ముందుకీ వెనక్కీ జారింది, చివరికి మోకాలు పట్టేసింది. ఆ చలికాలమంతా మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేది. అప్పుడు దొరికాడు రఘుపతి. ఒకప్పుడు పతకాలు కొట్టినవాడట, ఇప్పుడు పొట్ట పెరిగి సికింద్రాబాదులో కూర్చుని సైకిళ్లు బాగుచేస్తాడు. ఆమె పాదం చూసి నవ్వలేదు, జాలి పడలేదు. తన చెప్పు విడిచి తన పాదాన్ని పక్కన పెట్టాడు. రెండూ చాటలే. అటక మీంచి అట్టపెట్టె దింపి, వెడల్పు కాళ్లవాళ్ల కోసమే చేసే రకం ఒకటుంటుందని, ఈ దేశంలో దుకాణాలవాళ్లు తెప్పించరని, తను ఒకప్పుడు బతిమాలి తెప్పించుకున్నానని చెప్పి, పెట్టె ఆమె చేతిలో పెట్టాడు. "నేను తొక్కేది లేదు గని, నువ్వు తొక్కు బిడ్డా." తొడుక్కుంటే బూటు ఉన్నట్టే తెలియలేదు. నొప్పి లేకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇంతకాలం ఈ సుఖం మిగతావాళ్లందరికీ రోజూ ఉందా, అదొక సంగతన్న స్పృహ కూడా లేకుండా వీళ్లు తొక్కుతున్నారా అని, ఆ సంతోషంలోనే ఒళ్లు మండింది.

"అక్కా, టేపుందా నీకాడ? నా దగ్గరుంది, పొక్కు మీద ఏస్కో," అనూహ్య చుట్ట చుట్టిన తెల్లటి టేపు చాపింది. వద్దంది అండాలు. "పౌడరేస్తే జారుద్దేమో?" వద్దు. అనూహ్య పాదాలు బెండకాయల్లా ఉంటాయి, ఏ దుకాణంలోకి పోయినా మొదటి జతే పడుతుంది, మొదటి జతే పడేవాళ్లకు మంచితనం కూడా సులువుగానే వస్తుంది. మంచి పిల్లే. మంచి పిల్ల కాబట్టి తిట్టడానికి వీల్లేదు, అదొక కడుపుమంట. తనకన్నా ఒక్క నిమిషం ముందు పోతుంది, పోయిన ప్రతి పోటీలోనూ ముందే వచ్చింది. డేవిడ్ సార్ రెంచీ పట్టుకుని పరుగున వచ్చాడు. "ఏందమ్మా గట్ల కూసున్నవ్? అందరు కాళ్లు కదిలిస్తున్నరు, నువ్వు బూట్ల కాడనే ఉన్నవ్." పాదం చూసి మొహం మాడ్చుకున్నాడు. "అరె, ఇంత వాచిందా! ఒక పని చేస్త, మామూలు పెడల్ బిగిస్త. చెప్పులేస్కొని తొక్కు."

"చెప్పులేస్కొని తొక్కనీకె పాలు పోయ వోతున్ననా సార్?"

సార్ రెంచీ జేబులో దోపుకుని వెళ్లిపోయాడు. ఆ మాటన్నాక ఆమెకే ఎక్కడో కలుక్కుమంది. పాలు పోయడానికి చెప్పులేసుకుని ఈ రోడ్డు మీదే సైకిల్ తొక్కింది బాపు. పానగల్ పక్కన ఉన్న వాళ్ల ఊరి నుంచి రోజూ చీకటితోనే లేచి, రెండు క్యాన్లు అటూ ఇటూ కట్టుకుని, నార్కట్‌పల్లి హోటళ్ల దాకా. తనవి బాపు పాదాలు. జంగయ్య బిడ్డ అని కాళ్లు చూసి చెప్పేవారు ఊళ్లో. ఏ చెప్పు కొన్నా చిటికెన వేలి దగ్గర కొడవలితో ఒక గాటు పెట్టుకునేవాడు, వేలు బయటికి వచ్చి గాలి పీల్చుకునేది. ముందు దండె మీద తనను కూర్చోబెట్టుకుని పాలు పోయడానికి తీసుకుపోయినప్పుడు, పెడల్ పైకి వచ్చినప్పుడల్లా ఆ వేలు కనిపించేది. ఎంత ఎత్తు ఎక్కుడు వచ్చినా దిగేవాడు కాదు, దిగితే పాలు విరుగుతాయనేవాడు, అబద్ధం, పంతం. తను తొమ్మిదో తరగతిలో ఉండగా పొద్దుటి మంచులో లారీ కొట్టింది. దవాఖానలో సంచిలో ఇచ్చిన వాటిలో ఒక చెప్పే ఉంది. రెండోది ఎక్కడుందని అమ్మ అడుగుతూనే ఉంది, మనిషి గురించి కాదు, చెప్పు గురించి. వాళ్లు విసుక్కున్నారు. ఇదంతా ఇప్పుడెందుకు. బాపు గురించి కాదు ఇప్పుడు ఆలోచించాల్సింది, బూటు గురించి. బూటు.

మొన్న చెర్వుగట్టు గుడికి పోకుండా ఉంటే బాగుండేది. ఆ మాటకొస్తే బూట్లు దొరికాయని ఇంట్లో ఎగరకుండా ఉంటే బాగుండేది. ఆమె ఎగిరింది, అట్టపెట్టె తెరిచి చూపించింది, తొడుక్కుని వాకిట్లో టకటకమని నడిచింది. అమ్మ, సోమమ్మ, చేటలో బియ్యం చూస్తున్నదల్లా ఆగి, ఎక్కడ పోటీ అని అడిగింది, ఏ రోడ్డు మీద అని అడిగింది. అది విని మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరింది. నాలుగు రోజులు పోయాక చెప్పింది. "నీ కాళ్లకు సరిపొయ్యే బూట్లు దొర్కితె ఉత్త కాళ్లతోని నిన్ను గట్టెక్కిపిస్తనని మొక్కిన బిడ్డా. అమాసకు పోవాలె." చెర్వుగట్టు మీద శివుడికి అమావాస్యనాడు జనం పోటెత్తుతారు, రోగమొస్తే మొక్కుతారు, పిల్లలు కాకపోతే మొక్కుతారు. బూట్లు కావాలని మొక్కి, బూట్లు దొరికినందుకు చెప్పుల్లేకుండా నడుస్తామన్నవాళ్లు ఈ భూమ్మీద వీళ్లే అయి ఉంటారు. పోటీ అయినంక పోదామంది. మొక్కు తీర్చకుండ పోటీకి పోతవా అంది అమ్మ. నువ్వే మొక్కినవ్ నువ్వే నడువు అంది. నీ కాళ్ల మీద మొక్కిన, నా కాళ్లతోని ఎట్ల తీరుతది అంది. వాదనలో అమ్మను గెలిచినవాళ్లు ఊళ్లో లేరు. ఆ రాత్రీ మర్నాడూ అమ్మ అన్నం ముట్టలేదు. పోవలసి వచ్చింది.

పొద్దున్నే పోయి ఎండెక్కకముందే దిగొచ్చి ఉంటే ఏమయ్యేది కాదు. మధ్యాహ్నం పోయారు. మార్చి నెలాఖరు ఎండ, తారు మెత్తబడి అరికాలికి అంటుకుంటోంది, గుట్ట కింద కంకర, ఆపైన పెనంలా కాగిన రాతి మెట్లు. జనం నీడ పట్టుకుని నడుస్తుంటే అమ్మ మాత్రం నడి మెట్ల మీద నడిచింది, తనను కూడా నడిపించింది. అమ్మకు ఏమీ కాలేదు. అవి పాదాలా, పార చెక్కలు. వాటి పగుళ్లలో నిరుటి మడి మట్టి ఇంకా ఉంటుంది. ముందు ఆ పాదాలు ఎక్కుతుంటే వెనక తను కుంటుకుంటూ, గొణుక్కుంటూ, దేవుణ్ని కూడా నాలుగు అనుకుంటూ ఎక్కింది. సాయంత్రానికి రెండు పాదాలూ పొంగిన పూరీల్లా లేచాయి. మర్నాడు పొద్దున బూటు దగ్గర పెట్టి చూసుకుంటే ఏడుపు కూడా రాలేదు. పందెం రోజుకు తగ్గుతుందిలే అంది అమ్మ. తగ్గలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, నిన్న మళ్లీ మడి ఒరం చెక్కాలి రమ్మని పిలిచింది, పగలంతా నీళ్లలో నిలబెట్టింది. నానిన తోలు ఇవ్వాళ ముట్టుకుంటే ఊడి వస్తోంది.

మైకులో ఎవరిదో పేరు పిలిచారు. చప్పట్లు. అండాలు తలెత్తి చూసింది. తాడుకు అవతల, రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద అమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో స్టీలు డబ్బా, నెత్తి మీద కొంగు. ఇన్నేళ్లలో ఒక్క పోటీకి రాలేదు. సైకిల్ ఇంటికి తెచ్చిన రోజు దాన్ని గొడ్ల కొట్టంలో పెట్టించింది, ఇప్పటికీ దాని మీద చెయ్యి వేయదు. ఇవ్వాళ మాత్రం చీకటితోనే లేచి, తల దువ్వుకుని, నేను గూడ వస్త అని ఆటో ఎక్కింది. సంతోషపడింది కూడా తను, పిచ్చిది. అమ్మ అటు పోతున్న సైకిళ్లను చూడటం లేదు, పక్కనున్న ఆడవాళ్లతో మాట్లాడటం లేదు. తాడు మీదుగా ఇటే చూస్తోంది. తన మొహంలోకి కాదు. బూటు వైపు. దూరిందా లేదా అని చూస్తోంది. ఆ చూపు ఎక్కడో చూసిందే, కల్లంలో వడ్లు ఆరబోసి మబ్బు వైపు చూసే చూపు, వస్తుందా పోతుందా అని. వాన రావద్దని చూసే చూపు.

నీళ్లు కాచలేదు. ఎక్కణ్నుంచి వచ్చిందో ఆ మాట, వచ్చి కూర్చుంది. ఆ సాయంత్రం అమ్మ నీళ్లు కాచలేదు. కాలు బెణికితే, ముల్లు దిగితే, నాట్లప్పుడు వేళ్ల సందులు నీళ్లకు పాచిపోతే, వాడలో ఎవరి కాలు వాచినా ఉప్పూ పసుపూ వేసి నీళ్లు కాచేది సోమమ్మే. బర్రెకు గిట్ట నొచ్చినా కాచింది. కన్నబిడ్డ పాదాలు పూరీల్లా లేస్తే, తలనొస్తాందని ముసుగు పెట్టి పడుకుంది. పడుకునే రకం కాదే. మరి పొద్దున్నే గట్టుకు పోదామంటే మడికి నీళ్లు పెట్టాలంది, మడికి నీళ్లు ముందు రోజే పెట్టారు, మోటరు వేసింది తనే. నీడ ఉండగా నడి మెట్ల మీద ఎందుకు నడిపించింది. నిన్న ఒరం చెక్కకపోతే కొంప ఏం మునుగుతుంది, ఆ ఒరం గట్టిగానే ఉంది, రెండు పార్ల మట్టి వేసి రోజంతా పని ఉన్నట్టు నిలబెట్టింది. ఒక్కొక్కటీ వచ్చి పక్క పక్కన కూర్చున్నాయి, చావుకు వచ్చిన చుట్టాల్లా, మాట్లాడకుండా. ఛీ, ఏం బుద్ధి ఇది, అన్నం మానుకుని మొక్కు తీర్చిన తల్లిని పట్టుకుని. ఒళ్లు మండితే మనిషి కుక్కలా ఎవరినైనా కరుస్తుంది. కాదు. నీళ్లు కాచలేదు. మిగతావన్నీ పొరపాటు కావచ్చు, అదొక్కటి కాదు.

బూటు చేత పట్టుకుని లేచింది. ఎడమ కాలి బూటు తారు మీద టక్కుమంటూ, కుడి కాలు మేజోడుతోనే, తాడు ఎత్తి అవతలికి పోయింది. వలంటీరు ఎవరో అరిచాడు, వినలేదు. అమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, గట్టుకు మధ్యాన్నం దాంక ఎందుకాపినవ్?"

"మడికి నీళ్లు..."

"ముందు రోజే పెట్టినం. మోటరేసింది నేనే." అమ్మ డబ్బా మూత తీసి మళ్లీ బిగించింది. "కాళ్లు ఉబ్బుతయని నీకు తెలుసా, తెల్వదా? గంతే చెప్పు."

"తెలుసు," అంది సోమమ్మ.

అంత తొందరగా చెబుతుందనుకోలేదు. ఇంకా తిప్పుతుందని, ఏడుస్తుందని, దేవుడి మీద ఒట్టు వేస్తుందని అనుకుంది, వాటన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుంది. అమ్మ గొంతు సంతలో టమాటాల సంగతి చెప్పినట్టే ఉంది. "నా పెండ్లయిన సంది బురదల్నె నడుస్తున్న. కాళ్ల సంగతి నాకు తెల్వదా బిడ్డా. బూట్లు దొర్కినయని నువ్వెగిరిన్నాడే అనుకున్న. వేరే దిక్కు పోటీ అయితే ఊకుందును. గీ రోడ్డు మీదనే అన్నవ్. గీ రోడ్డు మీదనే."

"మరి మొక్కు?"

"మొక్కలే."

"ఏంది?"

"మొక్కింది లేదు. మొక్కంటెనే వస్తవని చెప్పిన. నడిచినంక దేవుని ముందట చెంపలేస్కున్న, గది నాకు ఆయనకు నడుమ. మీ బాపును ఆపలేకపోయిన. ఆ దినం మంచు వడ్తాంది, పోకు అన్న, నవ్విండు. నిన్నన్న ఆపుదామనుకున్న. తిట్టు, కొట్టు, ఊరంత చెప్పు. ఇంటికైతే పోదాం పా."

జాలి వేయాలి. ఎవరికైనా వేస్తుంది. పక్కనున్న ఆడవాళ్లలో ఒకామె అప్పుడే కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. అండాలుకు వేయలేదు. ఇంతసేపూ దుకాణంవాడి మీదా, పలక మీదా, బెండకాయ పాదాల మీదా, దేవుడి మీదా చెల్లాచెదురుగా పోయిన కోపమంతా కాలువలన్నీ వచ్చి ఒకే మడిలో పడ్డట్టు పడింది. అన్నం మానుకున్నది కూడా దొంగ నాటకమేనా. తను ఆ రెండు రోజులూ కంచం పట్టుకుని వెనకాల తిరిగింది, ఒక్క ముద్ద తినవే అని. నా మీద ప్రేమ అయితే ఆ సంగతి నాతో చెప్పాలి, కాళ్ల వెనక నుంచి రావడమేమిటి. సైకిల్ విరగ్గొట్టి ఉంటే అర్థమయ్యేది, గొడ్డలి తీసుకుని నాలుగు ముక్కలు చేసి ఉంటే ఇద్దరూ కలిసి ఏడ్చేవారు. దాన్ని ముట్టలేదు. తన పాదాలను ముట్టింది. బాపు పాదాలను. చాట అన్నవాడు పరాయివాడు, వాడికి వంద చాయ్‌లు కొట్టినా తీరని మంట ఇప్పుడు వాడి మీద లేనే లేదు, పాపం, వాడు ఉన్నదే అన్నాడు.

కల్వర్టు గోడ మీదే అమ్మ పక్కన కూర్చుంది. ఎడమ బూటు కూడా విప్పింది. రెండిట్లోంచీ అడుగున పరిచిన మెత్తలు పీకి కాలువలోకి విసిరింది. మేజోళ్లు విప్పి విసిరింది. మెత్త లేకపోతే బూటులో ఆ మేరకు జాగా మిగులుతుంది, గట్టి అడుగు పచ్చి తోలును తినేస్తుంది, తిననీ. పట్టీలు మొదలంటా వదులు చేసి, కుడి పాదం పెట్టి, లేచి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. లోపల తోలు మడత పడి ఊడింది. కళ్ల ముందు పగలు ఒక్క క్షణం తెల్లగా అయిపోయింది. మడమ దిగింది.

"నెత్తురస్తాంది, అండాలూ," అంది అమ్మ. అప్పుడు మారింది గొంతు. "బిడ్డా, నెత్తురస్తాంది." అండాలు రెండో పాదం దూర్చి పట్టీలు బిగించింది, ఒక్కొక్కటీ, ఇంకెప్పుడూ విప్పే పని లేనట్టు. మైకులో అనూహ్య పేరు, ఆ వెంటే తన పేరు వినబడ్డాయి. సైకిల్ దగ్గరికి ఎలా నడిచిందో తెలియదు. డేవిడ్ సార్ సీటు వెనక పట్టుకుని నిలబెట్టాడు, రెండు బూట్లూ పెడళ్లలో టక్ టక్ మని కరుచుకున్నాయి. సార్ కిందికి చూసి, "అమ్మా, వద్దమ్మా, ఇంకేడన్న చూస్కుందాం" అన్నాడు. ఇంకెక్కడా లేదు సార్. ముందు అంకెలు లెక్కపెట్టేవాడి వేళ్లు ఒక్కొక్కటిగా ముడుచుకుంటున్నాయి. తాడు అవతలి నుంచి "పైలం, పైలం" అని జాగ్రత్త చెబుతూ అమ్మ అరుపు వినబడింది, ఆమె తల తిప్పలేదు.

తొక్కడమంటే కాలు కిందికి నొక్కడం, నొక్కిన ప్రతిసారీ పాదం పక్కలు రెండూ బూటు గోడల మీద రుద్దుకుంటాయి, కుడి, ఎడమ, కుడి, ప్రతి నొక్కుకూ ఒక తిట్టు, మొదట తిట్లకు పేర్లున్నాయి, స్టాండర్డ్ పెట్టినవాడికి ఒకటి, పలకకు ఒకటి, నడి మెట్లకు ఒకటి, ముసుగు పెట్టి పడుకున్న మనిషికి నాలుగు, తర్వాత పేర్లు పోయాయి, ఉత్త తిట్టు, కుడి, ఎడమ, ఎదురుగాలి, ఎక్కుడు, దిగితే పాలు విరుగుతాయి, ఎవరన్నారు, ఎవరూ అనలేదు, తొక్కు, పత్తి చేలు, పెట్రోలు బంకు, మూసిన సగం రోడ్డుకు అవతల లారీలు వరసగా పోతూ విసిరే గాలి, ఆ గాలికి సైకిల్ ఊగినప్పుడు హ్యాండిలు గుంజి మళ్లీ గీత మీదికి, పాదాలు మంట దాటిపోయి మొద్దుబారి రెండు బరువులై వేలాడుతున్నాయి, బరువు మంచిదే, బరువు కిందికే పోతుంది, ముందు ఎర్ర జెర్సీ, చిన్నది, ఉన్నచోటే పెద్దదవుతోంది, అనూహ్య, మంచి పిల్ల, పక్కగా పోతుంటే "తొక్కక్కా" అంది, అంత మంచిది, జవాబు చెప్పడానికి నోట్లో తడి లేదు, మలుపు దగ్గర డ్రమ్ము చుట్టూ తిరిగి మళ్లీ అదే రోడ్డు, ఇటునుంచి అటు, కుడి, ఎడమ, చౌరస్తా దగ్గరి ఎత్తు నీళ్ల ట్యాంకు కనబడ్డాక గానీ తట్టలేదు, బాపు పడిన చోటు దాటేసింది. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. రెండుసార్లూ చూసుకోలేదు. ఇన్నేళ్లలో ఈ దారిన బస్సులో పోయినా అక్కడ కళ్లు మూసుకునేది.

ఎంతసేపు పట్టిందో, ఎవరు సైకిల్ పట్టుకున్నారో, షామియానా గుంజకు ఆనించి ఎవరు కూర్చోబెట్టారో తెలియదు. నీళ్లు తాగింది, కక్కుకుంది, మళ్లీ తాగింది. మిగిలినవాళ్లు కూడా వచ్చాక మైకులో రెండు పేర్లు చదివారు. రెండోది తనది. డేవిడ్ సార్ ఎగురుతున్నాడు, ఎవరినో కౌగిలించుకుంటున్నాడు, అనూహ్య మొహం తిప్పుకుని ఏడుస్తోంది, ఏడ్చి వచ్చి చెయ్యి పట్టుకుంది. సంతోషం రావాలి. వస్తుందిలే, ఇంటికి పోయాకో, రేపో. ఇప్పుడు మాత్రం తాడు ఎత్తి వంగి ఇటు వస్తున్న మనిషిని చూస్తోంది.

సోమమ్మ వచ్చి ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. ఏమైందని అడగలేదు, మైకు విన్నది. బూటు మీద చెయ్యి వేసింది. అండాలు పాదం వెనక్కి లాక్కోలేదు, ఇంకా ముందుకు చాపింది, తియ్యమన్నట్టు, చూడమన్నట్టు. అమ్మ పట్టీలు విప్పి, మడమ పట్టుకుని మెల్లిగా లాగింది. అంటుకుపోయిన తోలు బూటుతోపాటు వచ్చింది. అమ్మ పక్కన పెట్టిన డబ్బా అందుకుంది. స్టీలు డబ్బాలో ఉన్నది అన్నం కాదు. మూత తీస్తే ఉప్పు, పసుపు. పొద్దున ఇంటి నుంచే తెచ్చింది, పందెం పోయాక కడుగుదామని. నీళ్లు తెమ్మని ఎవరినో కేకేసి, పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, తల వంచి కొంగుతో అద్దింది.

"మల్ల ఎన్నడు తొక్కాలె?" అడిగింది, తల ఎత్తకుండానే.

"కాళ్లు తగ్గినంక. రోజూ."

"ఏడ?"

అండాలు ఆ నెరిసిన పాపిట వైపు చూసింది. ఆ పాపిటలో చెయ్యి పెట్టాలనిపించింది, ఆ తలను పట్టి ఊపాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు.

"గీ రోడ్డు మీదనే," అంది.